తాడుకు అవతలి కొస

కొబ్బరితోటలున్న ఊళ్ళలో పెరిగినవాళ్ళకి ఒక ఆట గుర్తుండే ఉంటుంది. రాలిపడిన కొబ్బరిమట్ట మీద ఒకళ్ళు కూర్చుంటారు. ఇంకొకళ్ళు దాని కొస పట్టుకుని వీధి పొడుగునా లాక్కుపోతారు. కూర్చున్నవాళ్ళది నవ్వు, లాగేవాళ్ళది చెమట. కాసేపయ్యాక "ఇప్పుడు నా వంతు" అని పేచీ. మీ ఇంట్లో పెద్దవాళ్ళనెవరినైనా ఈ ఆట గురించి అడిగి చూడండి. అందరూ మట్ట మీద కూర్చున్న సంగతే చెబుతారు. లాగింది ఎవరని అడిగితే మాత్రం కాస్త ఆలోచించుకోవాల్సిందే.

ఇదే ఆటని నీళ్ళమీద ఆడిన కథ ఈసారి మీతో చెప్పాలనిపించింది. పడవ వెనక తాడు కట్టి, ఆ తాడు చివర ఓ పలకో, బల్లో వేసి, దానిమీద మనిషిని ఎక్కించి లాగడం. ఇప్పుడు వాటర్ స్కీయింగ్ అనీ, బనానా రైడ్ అనీ సెలవుల్లో మన పిల్లలు బీచికి వెళ్ళి వందలు పోసి ఎక్కుతున్నవన్నీ ఆ ఆట పిల్లలూ మనవలే. దీని చరిత్ర వెతుక్కుంటూ పోతే తాడు పట్టుకుని నీళ్ళమీద జారినవాళ్ళ పేర్లు బాగానే దొరికాయి. నాకు మాత్రం తాడుకు అవతలి కొసన ఉన్నవాళ్ళ మీదికే దృష్టి పోయింది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మొదట ఒక మాట చెప్పుకోవాలి. నీళ్ళమీద తాడుతో లాగడం అనేది ఆటగా పుట్టలేదు. అది కూలి పని. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక (1847లో పని మొదలై 1852కి పూర్తయింది) గోదావరి డెల్టాలో కాలవలు పొలాలకి నీళ్ళివ్వడమే కాదు, రహదారులు కూడా అయ్యాయి. ధాన్యం బస్తాలూ మనుషులూ పడవల్లోనే ప్రయాణం. గాలి అనుకూలంగా లేనప్పుడు గట్టుమీద మనుషులు తాడు భుజాన వేసుకుని, ముందుకు వంగి, పడవని లాక్కుంటూ నడిచేవారు. పడవలో కూర్చున్న పెళ్ళివారికి అది హాయైన ప్రయాణం. గట్టుమీద ఉన్నవాళ్ళకి అది ఆ పూట తిండి. కాబట్టి లాగడం ఆటగా మారాలంటే, లాగే శ్రమ మనిషి భుజం మీదనుంచి దిగిపోవాలి. దాన్ని దింపింది ఆవిరి.

ఆవిరి గురించి మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. రోజూ పొద్దున్నే కుక్కరు పెట్టే చేతులు మనవి. నీరు ఆవిరైతే దాదాపు పదహారు, పదిహేడు వందల రెట్లు చోటు కావాలంటుంది. ఆ చోటు ఇవ్వకుండా మూత బిగిస్తే అది నెడుతుంది. మన కుక్కర్లో ఆ నెట్టుడుకి వెయిటు లేస్తుంది, విజిలు వస్తుంది. ఆవిరి పడవలో అదే నెట్టుడు ఒక గొట్టంలోకి పోయి ముషలకాన్ని తోస్తుంది. అది ఇరుసుని తిప్పితే పడవ వెనక ఉన్న ఫ్యానులాంటి చక్రం తిరుగుతుంది. కుక్కరుకి సేఫ్టీ వాల్వు ఉన్నట్టే బాయిలరుకీ ఉంటుంది. కుక్కర్లో నీళ్ళు తగ్గితే ఏమవుతుందని మనం భయపడతామో, బాయిలర్లో తగ్గితే అంతకు వందరెట్లు భయం. అందుకే పక్కన ఒక గాజుగొట్టం పెట్టి, నీటిమట్టం ఎక్కడుందో ఎప్పుడూ చూస్తూ ఉంటారు.

పెద్ద స్టీమర్ల సంగతి అలా ఉంచండి. ఇంట్లోవాళ్ళు నలుగురైదుగురు కూర్చుని షికారు పోయే చిన్న ఆవిరి లాంచీలు కూడా ఉండేవి. వాటికి పుట్టిల్లులాంటి చోటు ఇంగ్లండులో విండర్మియర్ సరస్సు. ఆ దేశంలో అన్నిటికన్నా పెద్ద సరస్సు అదే, పొడుగు 17 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మిల్లులూ గనులూ ఉన్న ధనవంతులు దాని ఒడ్డున బంగళాలు కట్టుకుని, సొంత లాంచీలు చేయించుకున్నారు. హెన్రీ ష్నైడర్ అనే ఇనుప వ్యాపారి 1869లో ఎస్పరెన్స్ అనే లాంచీ కట్టించుకున్నాడు. ఆయన పొద్దున్నే ఇంటినుంచి రేవుకి నడిచి వస్తుంటే, ముందు బట్లరు వెండి పళ్ళెంలో టిఫిను పట్టుకుని నడిచేవాడట. లాంచీలో టిఫిను ముగించి, అవతలి ఒడ్డున రైలెక్కి ఆఫీసుకి పోయేవాడు. ఈ ముచ్చట అందరూ రాశారు. అంత పొద్దున్నే లేచి ఆ టిఫిను వండింది ఎవరో మాత్రం ఎవరూ రాయలేదు.

ఆ లాంచీల్లో నాకు భలే నచ్చిన వస్తువు ఒకటుంది. విండర్మియర్ కెటిల్ అంటారు. ఓ రాగి పాత్ర, లోపల చుట్టలు చుట్టిన గొట్టం. బాయిలర్లోని ఆవిరిని కాస్త ఆ గొట్టంలోకి వదిలితే పాత్రలో నీళ్ళు క్షణాల్లో సలసలా మరుగుతాయి. సరస్సు మధ్యలో టీ సిద్ధం! పడవని నడిపే ఆవిరే టీ కూడా కాస్తుందన్నమాట. ఇంజన్లంటే మగవాళ్ళ గొడవ అని పక్కన పెట్టేసే మనకి, ఆ కెటిల్ ఒక్కటి చాలు ఇంజను అర్థం కావడానికి.

ఇక ఆట సంగతికి వద్దాం. ఇలాంటి చిన్న లాంచీ వెనక తాడు కట్టి మనిషిని లాగొచ్చా? లాగొచ్చు. కానీ ఒక చిక్కుంది. పడవ నీళ్ళని తోసుకుంటూ పోతుంటే ముందు ఒక అల లేస్తుంది, వెనక ఒక అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు అలల మధ్య దూరం పెరుగుతుంది. ఒక హద్దు దాటాక పడవ తాను లేపిన అలనే తాను ఎక్కలేక ఆయాసపడుతుంది. ఎంత బొగ్గు పోసినా ఆ పైన లాభం ఉండదు. పాతిక అడుగుల లాంచీకి ఆ హద్దు గంటకి సుమారు 12 కిలోమీటర్లు, అంటే మన ఊళ్ళో సైకిల్ వేగం. బాయిలరూ, నీళ్ళూ, బొగ్గూ అన్నీ కలిపి బరువు కాబట్టి, ఆ రోజుల లాంచీ అలమీదకెక్కి జారే మాటే లేదు.

రెండు కాళ్ళకీ సన్న చెక్కలు కట్టుకుని నీళ్ళమీద నిలబడాలంటే ఇంత వేగం చాలదు. పెద్దవాళ్ళకి గంటకి 30 కిలోమీటర్లో, ఆ పైనో కావాలి. కానీ వెడల్పాటి పలక అయితే వేరు. పలక ఎంత వెడల్పుగా ఉంటే అంత తక్కువ వేగంలో నీరు దాన్ని మోస్తుంది. చపాతీపీట నీళ్ళ తొట్టిలో అడ్డంగా పెట్టి లాగి చూడండి, నీరు దాన్ని పైకి ఎత్తుతున్నట్టు చేతికే తెలుస్తుంది. అందుకే ఈ ఆట మొదట తలుపంత పలకతో సాగింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్ళలో దీన్ని ఆక్వాప్లేన్ అనేవారు. తాడు కట్టేది పలకకే. దానిమీద నిలబడ్డవాళ్ళు గుర్రపు కళ్ళెంలా ఇంకో చిన్న తాడు పట్టుకునేవారు. ఆ కాలపు ఫొటోలలో ఆడవాళ్ళు కూడా కనిపిస్తారు. ఒంటినిండా ఈత దుస్తులు, తలకి టోపీ, ముఖాన నవ్వు. వాళ్ళని చూస్తే ఒక విషయం తెలుస్తుంది. అప్పటి సమాజం ఆడవాళ్ళకి ఓటు ఇవ్వడానికింకా తటపటాయిస్తూ ఉంది, కానీ పలకమీద నిలబడడానికి వాళ్ళు ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు.

పలకమీద మనిషి ఎక్కగానే లాంచీలో పని పెరిగేది. బరువు పెరిగితే ఇంజను ఎక్కువ ఆవిరి తాగుతుంది, బాయిలర్లో ఒత్తిడి తగ్గుతుంది. నిప్పు చూసేవాళ్ళు బొగ్గు ఎగదోయాలి, నీరు ఎక్కించాలి. ఒకళ్ళు చుక్కాని పట్టాలి. ఇంకొకళ్ళు వెనక్కి తిరిగి, తాడు చివరన ఉన్నవాళ్ళు ఉన్నారా, పడ్డారా అని చూస్తూ ఉండాలి. తాడు చివర ఒక్కళ్ళు నవ్వాలంటే, ఈ కొసన ఇంతమంది అప్రమత్తంగా ఉండాలి. అలా లేకపోతే ఏమవుతుందో చెప్పే సరస్సు ఒకటుంది. విండర్మియర్ కాదు. అమెరికాలో మిసిసిపి నది మినెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల మధ్య ఒకచోట వెడల్పయి, సరస్సులా పరుచుకుంటుంది. దాని పేరు లేక్ పెపిన్. నీళ్ళమీద లాగే ఆటకి పుట్టిన ఊరుగా ఇప్పుడు పేరు మోసింది దాని ఒడ్డున ఉన్న లేక్ సిటీ అనే చిన్న ఊరే. ఆ పేరుకి 32 ఏళ్ళ ముందు అదే నీళ్ళలో ఒక ఘోరం జరిగింది.

1890 జూలై 13, ఆదివారం. లేక్ సిటీ దగ్గర సైనిక దళం ఒకటి విడిది చేసింది. దాన్ని చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సరదాగా బయల్దేరారు. సీ వింగ్ అనే ఆవిరి పడవ వాళ్ళని ఎక్కించుకుంది. పడవలో చోటు చాలక జిమ్ గ్రాంట్ అనే బల్లకట్టులాంటి బార్జిని దాని పక్కన కట్టి లాగుతూ తీసుకెళ్ళారు. రెండింటిలో కలిపి రెండువందల మందికి పైనే. మంచి బట్టలు కట్టుకున్న అమ్మాయిలు, పిల్లలు, తిండి మూటలు, పాటలు. మన కార్తీక వనభోజనాలు ఊహించుకోండి, అంతే. సాయంత్రం తిరుగు ప్రయాణంలో గాలివాన కమ్ముకుంది. పడవలోని ఆడవాళ్ళనీ పిల్లలనీ తడవకుండా లోపలి గదిలోకి చేర్చారు. పడవ తిరగబడింది. 98 మంది పోయారు. ఆడవాళ్ళలో బతికి బయటపడ్డవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కెప్టెను కూడా తన భార్యనీ, ఒక కొడుకునీ పోగొట్టుకున్నాడు. తాడు తెగ్గొట్టి వదిలేసిన బార్జి మాత్రం కొట్టుకుపోయి ఒడ్డుకి చేరింది, అందులోవాళ్ళు బతికారు. పడవ మోయగలిగినదానికంటే ఎక్కువమందిని ఎక్కించారనీ, వాతావరణం అలా ఉంటే బయల్దేరకుండా ఉండాల్సిందనీ తర్వాత తేల్చారు.

ఈ కథ చదువుతుంటే మనకి దూరదేశపు కథలా అనిపించదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండల లాంచీ మునిగిన వార్త మనం టీవీల ముందు కూర్చుని చూసినవాళ్ళమే. అదీ ఆదివారమే. వాళ్ళూ సరదాగా బయల్దేరినవాళ్ళే. లేక్ పెపిన్‌లో ఆడవాళ్ళు ఎక్కువగా పోవడానికి కారణం చూడండి: వాళ్ళని కాపాడాలనే లోపలికి పంపారు. ఆ కాపాడడమే ప్రాణం తీసింది. ఒళ్ళంతా చుట్టుకునే బట్టలు, ఈత రాకపోవడం, తలుపులు మూసిన గది. ఆడపిల్లకి ఈత ఎందుకులే అనేవాళ్ళకి నేనైతే సీ వింగ్ కథ చెబుతాను.

సరే, 32 ఏళ్ళు గడిచాయి. ఆవిరి లాంచీల కాలం తగ్గి పెట్రోలు ఇంజన్లు వచ్చాయి. నిప్పు రాజేయక్కర్లేదు, గంటసేపు ఆవిరి కోసం కాచుక్కూర్చోనక్కర్లేదు, మీట తిప్పితే చాలు. 1922 వేసవిలో లేక్ సిటీలో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడికి ఒక ఆలోచన వచ్చింది. మంచుమీద చెక్కలు కట్టుకుని జారుతున్నాం కదా, నీళ్ళమీద ఎందుకు జారలేం? అప్పటికి వాడికింకా పంతొమ్మిదో ఏడు నిండలేదు. జూన్ 28న మొదలుపెట్టాడు. ముందు పీపా పలకలు కాళ్ళకి కట్టుకున్నాడు, మునిగాడు. మంచుమీద వాడే స్కీలు కట్టుకున్నాడు, మునిగాడు. అప్పుడు కలప అడితికి వెళ్ళి ఎనిమిదడుగుల పొడుగు, తొమ్మిదంగుళాల వెడల్పు ఉన్న రెండు పలకలు కొన్నాడు. వాటి కొసలు పైకి వంచాలి. ఎండు చెక్క వంగదు కదా. వాళ్ళమ్మ బట్టలు ఉడకబెట్టుకునే రాగి కాగులో నీళ్ళు మరిగించి, పలకల కొసలు అందులో పెట్టి మెత్తబరిచి, వంచి బిగించాడు.

ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. రాగి కాగు! ఈ ఆట చరిత్ర రాసినవాళ్ళందరూ పలకల కొలతలు చెప్పారు, తాడు పొడుగు చెప్పారు (వంద అడుగులు, కిటికీ తలుపులకి వాడే రకం), తోలు పట్టీల సంగతి చెప్పారు. ఆ కాగు యజమానురాలి సంగతి మాత్రం ఒక్క ముక్కలో దాటేశారు. ఎనిమిదడుగుల పలకలు మన గుండిగలో పెట్టి ఉడకబెడతానని మన పిల్లాడు వస్తే ఏమంటామో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ ఏమందో మనకి తెలియదు. కానీ కాగు ఇచ్చింది. లేదా ఇవ్వకపోయినా తీసుకుంటే ఊరుకుంది. తల్లులు చరిత్రకి చేసే సాయం చాలావరకు ఈ రెండు రకాలుగానే ఉంటుంది. ఇంకో సంగతి కూడా గమనించండి. అప్పటికి ఆ పడవలో ఆవిరి లేదు. అయినా ఈ ఆటకి ఆవిరి కావాల్సే వచ్చింది. ఈసారి బాయిలర్లోంచి కాదు, వంటింటి వెనక కాగులోంచి.

పాత లారీ ఇంజను బిగించిన పడవ. నడిపింది అన్న బెన్. రాల్ఫ్ ఎన్నోసార్లు మునిగాడు. ముందుకి వంగితే పలకల కొసలు నీళ్ళలోకి దిగబడి తలకిందులయ్యేవాడు. చివరికి జూలై 2న, తన పుట్టినరోజుకి ఒక్కరోజు ముందు, వెనక్కి వాలి, పలకల కొసలు నీళ్ళపైన ఉండేలా పట్టుకుని కూర్చున్నాడు. బెన్ పడవ లాగాడు. రాల్ఫ్ లేచి నిలబడ్డాడు. ఒడ్డున చూస్తున్నవాళ్ళకి మనిషి నీళ్ళమీద నడిచినట్టే ఉండి ఉంటుంది.

తర్వాత మూడేళ్ళకి, 1925లో, సగం మునిగిన తెప్పని ఏటవాలుగా పెట్టి దానిమీదనుంచి గాల్లోకి దూకాడు. మొదటిసారి చెక్క పట్టేసి బోర్లా పడ్డాడు. రెండోసారి దానికి పందికొవ్వు పట్టించి జర్రున జారాడు. పెనానికి నూనె రాస్తే అట్టు ఊడి వస్తుందన్న సూత్రమే. నీళ్ళమీద దిగే విమానం వెనక తాడు పట్టుకుని గంటకి 80 మైళ్ళ వేగంతో కూడా జారాడు. కానీ ఈ ఆట నాది అని కాగితం మీద రాయించుకోలేదు. 1925లోనే న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌కి చెందిన ఫ్రెడ్ వాలర్ అనే ఆయన నీళ్ళమీద జారే చెక్కలకి పేటెంటు తీసుకుని అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత పెద్ద తెర సినిమాల కోసం సినెరామా కనిపెట్టింది కూడా ఈయనే. రాల్ఫ్‌కి పనిలో వెన్ను విరిగి ఆట ఆగిపోయింది. ఆ తర్వాత టర్కీ కోళ్ళు పెంచుకుంటూ బతికాడు. నలభై ఏళ్ళపాటు లోకం అతన్ని మరిచిపోయింది.

మళ్ళీ వెలుగులోకి తెచ్చింది ఒక స్త్రీ. 1963లో మార్గరెట్ క్రిమిన్స్ అనే పత్రికా విలేఖరి లేక్ సిటీకి వెళ్ళినప్పుడు, సరస్సు ఒడ్డున స్నానాలవాళ్ళు బట్టలు మార్చుకునే గదుల దగ్గర గోడకి వేలాడుతున్న పాత పలకలు చూసింది. ఇవెవరివి అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న వల్ల కథంతా బయటికొచ్చింది. 1966లో అమెరికా వాటర్ స్కీ సంఘం ఈ ఆటకి ఆద్యుడు రాల్ఫ్ శామ్యూల్సనే అని ఒప్పుకుంది. 1977లో ఆయన పోయాడు. బతికుండగానే ఆ మాట విన్నాడు, అదే సంతోషం. మన ఇళ్ళలోనూ అటకల మీద ఇలాంటి పలకలు ఎన్నో ఉంటాయి. తరవాణి కుండ, తిరగలి పిడి, నాన్నమ్మ కుట్టిన బొంత. ఇవెవరివి అని అడిగేవాళ్ళే కరువు.

ఇక ఈ ఆటని ఊరూరా తెలిసేలా చేసినావిడ గురించి చెప్పి తీరాలి. ఆవిడ పేరు జూలీ పోప్. భర్త డిక్ పోప్‌తో కలిసి 1936లో ఫ్లోరిడాలో సైప్రస్ గార్డెన్స్ అనే పూలతోట తెరిచింది. టిక్కెట్టు కొనుక్కుని వచ్చి తోట చూసి పోవడం, అంతే. 1940లో చలి విపరీతమై, వాకిట్లో పూలతీగ మాడిపోయింది. ప్రవేశద్వారం దగ్గరే ఎండిన తీగ కనబడితే జనం లోపలికి రారు. జూలీ ఏం చేసిందంటే, తోటలో పనిచేసే అమ్మాయిలకి పాతకాలపు గొడుగులాంటి పెద్దపెద్ద గౌనులు తొడిగి, ఆ మాడిన తీగకి అడ్డంగా నిలబెట్టి, వచ్చేవాళ్ళని పలకరించమంది. తీగ కనబడలేదు, గౌనులు కనబడ్డాయి. ఆ తర్వాత ఆ గౌనుల అమ్మాయిలే ఆ తోటకి గుర్తుగా నిలిచిపోయారు. చుట్టాలొచ్చే వేళకి గోడమీద మరక కనబడకుండా కేలండరు తగిలించే మనకి ఆవిడ తెలివి కొత్త కాదు. అయితే ఆవిడ దాన్ని వ్యాపారం చేసింది.

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. భర్త సైన్యంలోకి వెళ్ళాడు, తోట ఆవిడ చేతిలో పడింది. స్థానిక పత్రికలో అక్కడి నీళ్ళమీద ఎవరో స్కీయింగ్ చేస్తున్న ఫొటో వచ్చింది. అది చూసి దగ్గరి శిబిరంలోని సైనికులు వచ్చి, ప్రదర్శన ఎన్నింటికి అని అడిగారు. ప్రదర్శన అనేదే లేదు. జూలీ లేదనలేదు. తన పిల్లల్నీ వాళ్ళ స్నేహితుల్నీ పోగుచేసి, స్కీలు తొడిగించి, పడవ వెనక తాడు పట్టించింది. ఆ వచ్చిన సైనికులు తిరిగి వెళ్ళి మిగతావాళ్ళకి చెప్పారు. మరుసటి వారాంతానికి వందల్లో వచ్చారు. అలా మొదలైన ప్రదర్శన దశాబ్దాలపాటు సాగింది. ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి గోపురంలా నిలబడే అమ్మాయిలని చూడ్డానికి దేశం నలుమూలలనుంచీ జనం వచ్చేవారు. 1953లో ఎస్తర్ విలియమ్స్ సినిమా అక్కడే తీశారు. ఇప్పుడా చోట లెగోల్యాండ్ ఉంది. తోటకి పేరు డిక్ పోప్‌దే ఎక్కువ. కానీ చేతిలో ఏమీ లేనప్పుడు ఇంట్లో ఉన్నదానితో సర్దడం అనే విద్య జూలీది. అనుకోకుండా పదిమంది వస్తే ఉన్న పప్పులో నీళ్ళు పోసి చారు చేసినట్టు.

మళ్ళీ విండర్మియర్ దగ్గరికి వెళ్దాం, కథ అక్కడే ఒక మలుపు తిరిగింది. యుద్ధం తర్వాత మోటారు బోట్లు చవకయ్యాయి. వారాంతాల్లో ఆ సరస్సంతా స్కీయింగ్ చేసేవాళ్ళతో హోరెత్తిపోయింది. ఈత కొట్టేవాళ్ళు, తెడ్డుపడవలవాళ్ళు, ఒడ్డున నెమ్మది కోసం వచ్చినవాళ్ళు విసిగిపోయారు. ఎన్నో ఏళ్ళు వాదోపవాదాలు జరిగాయి. స్కీయింగ్ వాళ్ళది కూడా అన్యాయమైన గోడేమీ కాదు, వాళ్ళ పిల్లలు నేర్చుకున్న నీళ్ళవి, దానిమీద బతికే దుకాణాలున్నాయి. చివరికి 2005 మార్చినుంచి వేగం పది నాట్లు దాటకూడదని నిబంధన అమల్లోకి వచ్చింది. అంటే గంటకి పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు. ఆ వేగంలో స్కీలమీద నిలబడడం కుదరదు. ఆట ఆ సరస్సునుంచి వెళ్ళిపోయింది. ఆవిరి లాంచీలకి మాత్రం ఆ నిబంధన తగలనే లేదు. అవి మామూలుగా ఆ వేగం లోపలే నడిచాయి. 1902 నాటి ఆస్ప్రే అనే లాంచీ ఇప్పుడు అక్కడి మ్యూజియం తరఫున జనాన్ని షికారు తిప్పుతుంది.

ఆవిరి లాంచీకి ఒక గుణం ఉంది. దానికి రొద లేదు. పెట్రోలు ఇంజనులా అరవదు, మెల్లగా చప్పుడు చేస్తుందంతే. దాని వెనక పిల్లవాణ్ణి గాలి ట్యూబులోనో, పలకమీద బోర్లాపడుకోబెట్టో సైకిల్ వేగంతో లాగితే, లాంచీలో ఉన్నవాళ్ళు వాడితో మాట్లాడొచ్చు. "భయంగా ఉందా?" అని అడిగితే వాడికి వినబడుతుంది. "ఇంకొంచెం!" అని వాడంటే మనకి వినబడుతుంది. మోటారు బోటు వెనకైతే అదేమీ కుదరదు. అందుకే వాళ్ళు సైగలు పెట్టుకున్నారు. బొటనవేలు పైకి చూపిస్తే వేగం పెంచమని, కిందికి చూపిస్తే తగ్గించమని, తలమీద చేత్తో తట్టుకుంటే వెనక్కి తీసుకెళ్ళమని. ఆ సైగలు చూడ్డానికి బోటు నడిపేవాళ్ళు కాక ఇంకొకళ్ళు ఉండి తీరాలని అమెరికాలో చాలా రాష్ట్రాల్లో చట్టం ఉంది. ఆ మనిషి పని ఒక్కటే: ముందుకి పోతున్న బోటులో వెనక్కి తిరిగి కూర్చుని, తాడు చివరన ఉన్నవాళ్ళని కనిపెట్టుకుని ఉండడం.

ఆ మాట చదివాక నాకు మన ఇళ్ళు గుర్తొచ్చాయి. అందరూ ముందుకి చూసి పరిగెత్తే ఇంట్లో, వెనక్కి తిరిగి కూర్చునేవాళ్ళు ఒకరుంటారు. పరీక్షలకి చదివే పిల్లవాడు నిలబడ్డాడా, పడ్డాడా, అత్తగారు మందు వేసుకున్నారా, ఆయన ఈ వారం ఎందుకు మాట్లాడడం లేదు అని చూస్తూ ఉంటారు. ఆ పనికి జీతం లేదు, ఫొటో లేదు. బాగా జరిగితే ఏమీ జరగనట్టే ఉంటుంది. ఏదైనా జరిగితే మాత్రం "నువ్వేం చేస్తున్నావు?" అని అడుగుతారు. నీళ్ళమీద ఆటకి ఆ మనిషి లేకపోతే బోటు కదలకూడదని ఒక దేశంలో చాలా రాష్ట్రాలు చట్టమే రాసుకున్నాయి. ఇంట్లో ఆ మనిషి ఉండడం మాత్రం సహజం అనుకుంటాం.

అలాగని ఎప్పుడూ బోటులోనే కూర్చోమని నేననను. ఆ పాత ఫొటోల్లో పలకమీద నిలబడి నవ్వుతున్న ఆడవాళ్ళని చూడండి. వాళ్ళకీ ఇళ్ళున్నాయి, పనులున్నాయి. ఆ పూటకి ఇంకెవరో నిప్పు చూశారు, ఇంకెవరో వెనక్కి తిరిగి కూర్చున్నారు. ఆటంటే వంతులు కదా. ఈ వేసవిలో పిల్లలు నీళ్ళలో ఆడుకునే చోటికి వెళ్తే, లైఫ్ జాకెట్టు వేయించండి, ఆకాశం చూడండి, మబ్బు పడితే మొహమాటపడకుండా వద్దనండి. అన్నీ బాగుంటే, పిల్లల చేత ఓసారి చెప్పించుకోండి: "అమ్మా, ఇప్పుడు నీ వంతు, మేం చూస్తాం" అని.